గోగుపుల్ల వెలుగులో సాగనంపు

మార్గశిర శుద్ధ పాడ్యమి, అంటే పోలిపాడ్యమి. తెల్లవారుజాము నాలుగున్నర. బెంగుళూరు బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డు కాస్త ఊపిరి తీసుకునేది ఆ వేళలోనే. బేగూరు రోడ్డు పక్క సందుల్లో, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో, అప్పటికే కొన్ని బాల్కనీల్లో అలికిడి మొదలవుతుంది. నీలం ప్లాస్టిక్ టబ్బు, దాన్నిండా నీళ్ళు, నీళ్ళలో చిటికెడు పసుపు, కుంకుమ, నాలుగు చామంతి రేకులు. అరటి దొప్పలో నేతితో తడిపిన ముప్పై వత్తులు. నెలరోజుల కార్తీకంలో ఏ రోజైనా దీపం తప్పిపోయి ఉంటే దాని లెక్క కూడా ఇక్కడే తీరిపోవాలని ముప్పై. వెలిగించిన దొప్పను నీళ్ళ మీద వదిలి, చేత్తో నీటిని మూడుసార్లు ముందుకు తోస్తారు. టబ్బు అడ్డంగా రెండడుగులు కూడా ఉండదు. దొప్ప అవతలి అంచుకు తగిలి ఆగిపోతుంది. దగ్గర్లో గోదావరి లేదు, కృష్ణ లేదు. సముద్రం ఏ వైపు చూసినా రెండు వందల యాభై కిలోమీటర్లకు తక్కువ లేదు. అయినా దీపం బయలుదేరినట్టే.

కాసేపటికి ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోను చేసి చెప్పే మాట మాత్రం రాజమండ్రి కోటిలింగాల రేవులో చెప్పే మాటే: పోలిని పంపించాం. ఆ పోలి ఎవరో ముందు ముందు తెలుస్తుంది.

పంపించడం. ఈ ఒక్క మాట పట్టుకుని వెళితే తెలుగువాళ్ళ దీపాల పండగ చరిత్రలో చాలా దూరం వెళ్ళవచ్చు. ఆ దారిలో జపాను సముద్రతీరం కూడా తగులుతుంది.

క్యోటో నగరానికి ఉత్తరాన, జపాను సముద్రం ఒడ్డున మియాజు అనే ఊరుంది. ఏటా ఆగస్టు 16 రాత్రి అక్కడి అఖాతంలో వేల కాగితపు లాంతర్లు తేలుతాయి. వాటి నడుమ ఆ ఏడాది చనిపోయినవారి కోసం కట్టిన చిన్న పడవలు సాగుతాయి, పైన బాణసంచా వెలుగుతుంది. అదే రాత్రి క్యోటో చుట్టూ ఉన్న అయిదు కొండల మీద పెద్ద పెద్ద అక్షరాల, బొమ్మల ఆకారంలో మంటలు పెడతారు. అంతకు ముందు రోజు నాగసాకిలో పడవల ఊరేగింపు. ఇదంతా ఓబోన్ పండగ ముగింపు. చాలా ప్రాంతాల్లో ఆగస్టు 13 నుంచి 16 దాకా చనిపోయిన పెద్దలు ఇళ్ళకు వచ్చి వెళతారని నమ్మకం. వచ్చేటప్పుడు గుమ్మం ముందు చిన్న మంట వేస్తారు, దాన్ని ముకాయెబి అంటారు, ఎదురుకోలు మంట. వెళ్ళేటప్పుడు వేసేది ఒకురిబి, సాగనంపే మంట. నీళ్ళ మీద వదిలే లాంతర్లు తోరో నగాషి. చీకట్లో దారి తెలియాలి కదా అని.

ఓబోన్ అన్న మాట మూలం ఉల్లంబన అనే సంస్కృత పదమని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. పండగ వెనకున్న కథలోని మనిషి కూడా మన నేలవాడే. బుద్ధుడి శిష్యుల్లో మౌద్గల్యాయనుడు దివ్యదృష్టితో చూసి, తన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తోందని తెలుసుకుంటాడు. అన్నం పంపితే అది ఆమె నోటి దగ్గర నిప్పు అవుతుంది. బుద్ధుడు చెప్పిన ప్రకారం భిక్షుసంఘానికి దానం చేస్తే తల్లికి విముక్తి దొరుకుతుంది. జపానులో ఈ మౌద్గల్యాయనుడే మొకురెన్. 657లో అసుకా ప్రాంతంలోని ఆలయం దగ్గర ఈ పండగ జరిగిందని ఆ దేశపు పాత చరిత్రగ్రంథం నిహోన్ షోకిలో ఉంది. అంటే దాదాపు 1,370 ఏళ్ళు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే తీరపు దారిలో తొట్లకొండ ఉంది. 1976లో నౌకాదళం వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది. రాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టి ఆ పేరు వచ్చింది. జపానుకు బుద్ధుడి మాట చేరడానికి కొన్ని వందల ఏళ్ళ ముందే ఆ కొండ మీద భిక్షువులు వర్షాకాలాలు గడిపారు. కింద బంగాళాఖాతం, పైన విహారాలు. మౌద్గల్యాయనుడు వాళ్ళకు బాగా తెలిసిన పేరు. అక్కణ్ణించి జపానుకు లాంతరు పండగ వెళ్ళిందని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. కానీ ఆ తొట్లకొండ దారిలోనే ఇంకొంచెం ముందుకు వెళితే భీమిలి వస్తుంది. అక్కడ ఒక మొక్క పేరు దగ్గర ఆగక తప్పదు.

ఆ మొక్క గోగు. గోగు కూరే గోంగూర అయింది. ఆకు సంగతి ప్రతి తెలుగింటికీ తెలుసు. కాడ సంగతి మాత్రం మరుగున పడుతోంది. గోగు కాడను నీళ్ళలో నానబెట్టి, పైనున్న నారను వలిచి, తాళ్ళకూ గోనెసంచులకూ వాడేవారు. ఉత్తరాంధ్రలో పండిన ఈ నార భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కేది. అందుకే దేశదేశాల వ్యాపారులు దాన్ని బిమ్లీపట్నం జనుము అని పిలిచారు. ఇంగ్లీషువాళ్ళ వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఈ రోజుకీ గోగుకు ఉన్న పేర్లలో అదొకటి. నెల్లిమర్ల, చిట్టివలసల్లో జనపనార మిల్లులు లేచింది ఈ పంట అండతోనే. తొలకరికి విత్తిన గోగు ఆశ్వయుజం, కార్తీకం నాటికి పూతకొచ్చి కోతకు వస్తుంది. నార తీసేశాక మిగిలేవి తెల్లటి, బోలు, తేలికపాటి పుల్లలు. అగ్గి తగిలితే చాలు, అంటుకుంటాయి.

దీపావళి సాయంత్రం చీకటి పడీ పడకముందు, మతాబులూ చిచ్చుబుడ్లూ ముట్టుకోకముందు, కోస్తా జిల్లాల ఇళ్ళలో పిల్లల చేతికి ఇచ్చేవి ఇవే. గోగుపుల్లల చివర పాతగుడ్డ వత్తులు కట్టి, నూనెలో ముంచి, వెలిగించి చేతికిస్తారు. పిల్లలు వీధి గుమ్మం ముందు నిలబడి, పాట పాడుతూ ఆ దివిటీలను నేలకేసి కొడతారు. ఆ పాట తెలియని కోస్తా పిల్లలు ఒకప్పుడు లేరు. దానిలో దీపావళి, దాని వెనకే వచ్చే నాగులచవితి ఉంటాయి. పుల్లలు కాలిపోవచ్చాక వాటిని ఒక పక్కన పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి రావాలి. కాళ్ళు చేతులు కడుక్కోవాలి. నోరు పుక్కిలించాలి. ఆ తర్వాతే నోట్లో తీపి పెడతారు. అప్పుడే బాణసంచా మొదలు.

ఇంత సంబరంలో కాళ్ళు కడుక్కోవడం ఎందుకు? వెనక్కి చూడకూడదని ఎందుకు? ఈ రెండూ తెలుగువాళ్ళు ఏ సందర్భంలో చేస్తారో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎవరినో సాగనంపి వచ్చినప్పుడు చేస్తారు.

ధర్మశాస్త్ర గ్రంథాలు దీన్ని మరుగులేకుండానే చెప్పాయి. దీనికి ఉల్కాదానం అని పేరు. సూర్యుడు తులారాశిలో ఉండగా చతుర్దశి, అమావాస్యల సాయంసంధ్యలో మనుషులు చేత కాగడాలు పట్టుకుని పితృదేవతలకు దారి చూపాలని వాటి సారాంశం. భాద్రపద బహుళపక్షం, అంటే మహాలయ పక్షంలో పెద్దలు భూమికి వస్తారు. వాళ్ళకు తర్పణాలు, పిండాలు. దీపావళి అమావాస్యకు వాళ్ళు తిరుగుప్రయాణం కడతారు. చంద్రుడు లేని రాత్రి. మనవలు గుమ్మంలో నిలబడి దివిటీ పట్టుకుంటారు. రాకకు ఒక పక్షం, పోకకు ఒక మంట.

జపానులో ఓబోన్ మంటకు వాడే కట్టెను ఒగర అంటారు. నార తీసేసిన గంజాయి జాతి మొక్క కాడలవి, తెల్లగా, బోలుగా, తేలికగా ఉంటాయి. మట్టి మూకుడులో వాటిని పేర్చి గుమ్మం ముందు వెలిగిస్తారు. ఆగస్టు ముందు అక్కడి అంగళ్ళలో కట్టలు కట్టి అమ్ముతారు. భీమిలి దగ్గర పల్లెలో నారవలిచిన గోగుపుల్ల, మియాజులో నారవలిచిన ఒగర. ఒకదాన్ని చూసి ఒకటి పుట్టిందని కాదు. నార ఉపయోగపడింది, తాడయింది, బట్టయింది, సంచి అయింది. మిగిలిన పుల్లకు ఇంకో పని లేదు. ఆ మిగిలిన పుల్లనే రెండు దేశాల రైతు కుటుంబాలూ వెళ్ళిపోయినవాళ్ళ కోసం వెలిగించాయి. ఇంతకంటే సహజమైన సంగతి ఏముంటుంది?

తేడా ఒకటుంది. జపాను పిల్లవాణ్ణి అడిగితే ఆ మంట తాతగారి కోసం అని చెబుతాడు. తెలుగు పిల్లవాణ్ణి అడిగితే దీపావళి అంటే నరకాసుర వధ అంటాడు, లక్ష్మీపూజ అంటాడు. తాత సంగతి తెలియదు. తెలుగు దీపం ఎవరి కోసం వెలిగిందో మెల్లమెల్లగా మరిచిపోయింది. చేతులు మాత్రం మరవలేదు. కాళ్ళు కడుక్కోవడం మరవలేదు.

దీపావళి మర్నాడు, బలిపాడ్యమితో కార్తీకం మొదలు. ఆ సాయంత్రం గుడిలో ఆకాశదీపం ఎత్తుతారు. చుట్టూ చిల్లులున్న రాగి లేక ఇత్తడి పాత్రలో నువ్వులనూనె పోసి, వత్తి వెలిగించి, తాడు కట్టి ధ్వజస్తంభం పైకి లాగుతారు. నెల పొడుగునా ప్రతి సాయంత్రం ఇదే. శివాలయం, విష్ణ్వాలయం అన్న తేడా లేదు. కరెంటు లేని రోజుల్లో, ఊరంతా చీకట్లో ఉన్నప్పుడు, ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగు పొలాల అవతలి నుంచి చుక్కలా కనిపించేదని పాతతరం వాళ్ళు ఇష్టంగా చెప్పుకుంటారు. ఈ దీపం కూడా ఆకాశమార్గాన వెళ్ళే పితృదేవతలకు దారి చూపడానికేనని పెద్దల మాట. ఇంకా వెళుతూనే ఉన్నారన్నమాట. దూరప్రయాణం కదా.

కాశీలో గంగ ఒడ్డున వెదురు గడల చివర బుట్టల్లో ఈ దీపాలనే వేలాడదీస్తారు. అక్కడ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేరిట కూడా పెడుతున్నారు. హిందీ రచయిత జయశంకర్ ప్రసాద్ రాసిన ఆకాశదీప్ కథలో ఒక తల్లి సముద్రం మీదికి వెళ్ళిన భర్త కోసం దీపం వేలాడదీస్తుంది. ఆ తల్లి కూతురు చంప పెద్దయ్యాక ఒక ద్వీపంలో ఓడలవాళ్ళ కోసం అదే పని చేస్తుంది. పైలోకానికి వెళ్ళేవాళ్ళకైనా, సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకైనా దారి దీపం ఒకటే. విజయనగరం తీరంలో చింతపల్లి దగ్గర గుట్ట మీద 1847లో దీపస్తంభం కట్టారు. భీమిలి రేవుకు వచ్చే ఓడలు సముద్రంలోని రాళ్ళకు కొట్టుకోకుండా హెచ్చరించడం దాని పని. ఆ చుట్టుపక్కల జాలరిపల్లెల్లో కార్తీకమాసంలో రెండు దీపాలు కనిపించేవి. ఒకటి గుడి మీద, ఒకటి గుట్ట మీద.

బెంగుళూరుకు వచ్చిన తెలుగువాళ్ళకు ఆకాశదీపం వేరే పేరుతో ఎదురవుతుంది. దీపావళి ముందు బొమ్మనహళ్ళి అంగళ్ళలో రంగుకాగితాల లాంతర్లు వేలాడతాయి. కన్నడంలో వాటిని ఆకాశబుట్టి అంటారు. బుట్టి అంటే మన బుట్టే. ఉత్తర కర్ణాటక ఇళ్ళలో ఎత్తైన చోట బుట్టలో దీపం పెట్టే అలవాటు నగరానికి వచ్చి కాగితమయింది, తర్వాత ప్లాస్టిక్ అయింది, లోపల చిన్న బల్బు చేరింది. బొమ్మనహళ్ళి 2007 దాకా వేరే పురపాలక సంఘం. ఆ ఏడాది చుట్టూ ఉన్న మరికొన్ని పట్టణాలతో, 110 పల్లెలతో కలిసి మహానగరంలో కలిసింది. ఆ పల్లెల గుళ్ళు మాత్రం పల్లెల గుళ్ళలాగే ఉన్నాయి. పక్కనే ఉన్న బేగూరులో నాగేశ్వరుడి గుడి గాంగరాజుల నాటిది. బెంగుళూరు అనే పేరు మొట్టమొదట కనిపించే, 9వ శతాబ్ది చివరి వీరగల్లు శాసనం దొరికింది అక్కడే. యుద్ధంలో చనిపోయినవాడి పేరు మరవకూడదని చెక్కిన రాయి అది. ఈ మహానగరం పేరే ఒక చనిపోయినవాడి జ్ఞాపకంలో నుంచి మనకు చేరింది. కార్తీకంలో ఈ చుట్టుపక్కల గుళ్ళలో దీపోత్సవం జరిగే సాయంత్రాల్లో వరసలో నిలబడ్డవాళ్ళలో కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినపడతాయి.

కార్తీక పౌర్ణమి నాటి జ్వాలాతోరణం మాత్రం అచ్చంగా మంట పండగ. శివాలయం ముందు రెండు గుంజలు పాతి, పైన అడ్డంగా ఇంకో కర్ర కట్టి, దానికి ఎండుగడ్డి చుట్టి అంటిస్తారు. మండుతున్న ఆ తోరణం కింద నుంచి శివపార్వతుల పల్లకిని మూడుసార్లు తీసుకెళతారు. వెనకే జనం. శ్రీశైలంలో ఇది పెద్ద ఎత్తున జరుగుతుంది. హాలాహలం మింగిన భర్తకు ఆపద తప్పినందుకు పార్వతి మొక్కు తీర్చుకుందని ఒక కథ. రెండో కథ ఇంకా సూటిగా ఉంటుంది: యముడి ఇంటి గుమ్మానికి అగ్నితోరణం ఉంటుంది, ఇక్కడ దీని కింద దాటినవాడికి అక్కడ దాని కింద దాటే అవసరం రాదు. తోరణం కాలిపోయాక మిగిలిన గడ్డిపరకల కోసం జనం ఎగబడతారు. వాటిని గడ్డివాములోనో ధాన్యపు గాదెలోనో పెట్టుకుంటారు.

అదే పౌర్ణమి తెల్లవారుజామున సముద్రస్నానం. బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు, ఒంగోలు దగ్గర కొత్తపట్నం, నెల్లూరు దగ్గర మైపాడు, బందరు దగ్గర మంగినపూడి, పైన భీమిలి, కళింగపట్నం, బారువ. లారీల్లో, ట్రాక్టర్లలో, ఆటోల్లో జనం రాత్రికే చేరతారు. ఇసుకలో గౌరమ్మను చేసి పూజిస్తారు, 365 వత్తుల దీపం పెడతారు. ఏడాదిలో రోజుకొకటి. పున్నమి పోటు కాబట్టి ఆ రోజు కెరటం మామూలుకంటే ముందుకు వస్తుంది. ఒడ్డున పోలీసులు, గజ ఈతగాళ్ళు నిలబడి లోపలికి పోవద్దని అరుస్తూనే ఉంటారు. ఏటా ఎక్కడో ఒకచోట సముద్రం ఒకరిద్దరిని తీసుకుంటూనే ఉంటుంది.

తీసుకోవడం అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు.

ఆంధ్రతీరం చరిత్రలో పెద్ద ఉప్పెనల తేదీలను పంచాంగం పక్కన పెట్టి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కాకినాడ దగ్గర కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789 డిసెంబరులో దాన్ని మూడు కెరటాలు ముంచాయి. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఆ సంగతిని నావికుల కోసం రాసిన తన పుస్తకంలో వివరించాడు. సైక్లోన్ అనే మాటను ప్రపంచానికి ఇచ్చినవాడు ఈ పిడింగ్టనే. కోరంగిని మళ్ళీ లేవకుండా కొట్టింది 1839 నవంబరు 25 నాటి ఉప్పెన. ఆ రోజు కార్తీక బహుళపక్షంలో ఉంది. బందరును ఊడ్చేసిన ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రిది. ముప్పై వేల మంది పోయారని ఆనాటి అంచనా. ఆ ఏడు దీపావళి అమావాస్య అక్టోబరు 30. అంటే దీపావళి వెళ్ళిన రెండో రోజు రాత్రి, ఆకాశదీపం ఎత్తిన మర్నాడు, సముద్రం ఊళ్ళోకి వచ్చింది. అమావాస్య పోటుకు గాలివాన తోడైతే అంతే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. అది కార్తీక శుక్లపక్షం. అధికారుల లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు చెబితే కృష్ణాజిల్లాలో పెద్దవాళ్ళ గొంతు ఈనాటికీ మారుతుంది. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపానుకు నాలుగు రోజుల తర్వాత దీపావళి వచ్చింది. చేపలవేటకు వెళ్ళిన వందలమంది మరి తిరిగి రాలేదు.

దీనికి మహిమలేమీ అక్కర్లేదు. నైరుతి రుతుపవనం వెనక్కి మళ్ళే అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వేడిగా ఉంటుంది. తుపాన్లకు అది అదను. లోతు తక్కువైన తీరం కాబట్టి గాలి తోసిన నీరు ఎత్తుగా లేస్తుంది. చాంద్రమానంలో ఆ రోజులే ఆశ్వయుజ, కార్తీకాలు. అంతే. కానీ తీరం మీది తెలుగు మనిషికి మాత్రం దీపాలు పెట్టే నెలా, సముద్రం మనుషుల్ని తీసుకుపోయే నెలా ఒకటే. తెలుగు దీపాల చరిత్ర రాసేవాళ్ళు శాస్త్రాలూ పురాణాలూ చూశారు గానీ ఈ లెక్క చూడవలసినంత చూడలేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ కూడా పున్నమి రోజే వచ్చింది, అది ఆదివారం. మంగినపూడిలో పోయినవాళ్ళలో పున్నమి స్నానానికి వచ్చినవాళ్ళున్నారు.

దివిసీమలో శవాలు గుట్టలుగా దొరికాయి. ఎవరెవరో తెలియని పరిస్థితిలో మూకుమ్మడిగా దహనం చేశారు. ఎందరో అసలు దొరకలేదు. దొరకని మనిషికి కర్మ చేయడం ఎంత కష్టమో ఆ ఇళ్ళకే తెలుసు. ఆ ఏడు పోలిపాడ్యమి డిసెంబరు 11న వచ్చింది, ఉప్పెన వచ్చిన 22వ రోజు.

హిరోషిమాలో కూడా దొరకని మనుషులు ఎందరో. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడ్డాక దాహంతో, కాలిన ఒళ్ళతో నదిలోకి దిగినవాళ్ళు అక్కడే పోయారు. ఇప్పుడు ఏటా ఆగస్టు 6 సాయంత్రం మొతొయాసు నదిలో, ఆనాటి శిథిల భవనం ఎదుట, రంగు కాగితపు లాంతర్లు వదులుతారు. వాటి మీద పేర్లు, ప్రార్థనలు రాసి ఉంటాయి. ఓబోన్‌లో చేసే పనినే ఒక ఊరు ఊరంతా తన వాళ్ళందరి కోసం చేసుకుంటోంది.

ఉత్తరాన ఇచ్ఛాపురం దాటితే ఇదే కార్తీక పౌర్ణమి ఒడియా వాళ్ళకు బొయిత బందాణ, పడవల వందనం. అరటి బోదెలతో, కాగితంతో, బెండుతో చిన్న పడవలు చేసి, తాంబూలం, దీపం పెట్టి తెల్లవారకముందే నీళ్ళలో వదులుతారు. బాలి, జావా, సుమత్రాలకు సరుకుతో వెళ్ళిన సాధబ వర్తకులను వాళ్ళ ఆడవాళ్ళు సాగనంపిన గుర్తు అది. కటకంలో మహానది ఒడ్డున జరిగే బాలిజాత్ర పెద్ద సంత. గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. బరంపురం, గోపాలపురం తెలుగు కుటుంబాలకు రెండు ఆచారాలూ తెలుసు: పౌర్ణమికి పక్కింటి పడవ, పాడ్యమికి తమ ఇంటి పోలి. ఒడియా వాళ్ళు చెప్పుకునే తఅపోయి కథలోనూ ఓ చిన్న పిల్ల ఉంటుంది. అన్నలు ఓడలెక్కి దూరదేశం పోతే, వదినల చేతిలో అష్టకష్టాలు పడుతుంది.

పోలి కష్టం అత్తతో. తెలుగిళ్ళలో చెప్పుకునే కథ ప్రకారం రజకుల ఇంట అయిదుగురు కోడళ్ళు. అందరిలోకీ చిన్నది పోలి. ఆమెకు భక్తి ఎక్కువ. తనను మించిన భక్తి ఇంట్లో ఉండకూడదని అత్త అనుకుంటుంది. కార్తీకం నెల పొడుగునా మిగతా కోడళ్ళను తీసుకుని ఏటికి వెళ్ళి స్నానం చేసి దీపం పెడుతుంది. ఇంట్లో పోలికి వత్తి, నూనె అందకుండా చేసి మరీ వెళుతుంది. పోలి పెరట్లో పత్తిచెట్టు నుంచి రాలిన పత్తి తీసి వత్తి చేస్తుంది, కవ్వానికి అంటిన వెన్న తీసి రాస్తుంది, దీపం వెలిగిస్తుంది. అత్త వచ్చేసరికి కనబడకుండా దాని మీద బుట్ట బోర్లిస్తుంది. నెలాఖరుకు ఆమె కోసం విమానం దిగుతుంది. అత్తగారు అది తనకేననుకుంటుంది. తీరా పోలి ఎక్కి పైకి లేస్తుంటే కాళ్ళు పట్టుకుని వేలాడుతుంది. బొందితో స్వర్గానికి వెళ్ళింది పోలి ఒక్కతే.

బుట్ట కింద దీపం. చిల్లుల్లోంచి చిమ్మే వెలుగు. గుడి మీది ఆకాశదీపం, కన్నడ ఇంటి ఆకాశబుట్టి, జపాను కాగితపు లాంతరు, పోలి బోర్లించిన బుట్ట, నాలుగింటిలోనూ జరిగేది గాలికి ఆరిపోకుండా వత్తి చుట్టూ ఓ గోడ కట్టడమే. పోలి మాత్రం గాలికి కాదు, మనిషికి భయపడి కట్టింది. ఏటి ఒడ్డుకు వెళ్ళనివ్వని కోడలి కథను ఏటి ఒడ్డున కూర్చుని ఆడవాళ్ళే ఆడవాళ్ళకు చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో అత్తలూ ఉంటారు. ఇంత సున్నితమైన సంగతిని ఇన్ని వందల ఏళ్ళు మోసుకొచ్చిన కథ తెలుగులో ఇంకోటి దొరకడం కష్టం. పితృదేవతల కోసం మొదలైన వెలుగు ఇక్కడికి వచ్చేసరికి ఒక ఇంటి కోడలి కోసం వెలుగుతోంది. కానీ పని మారలేదు. సాగనంపుతున్నారు.

పోలిపాడ్యమి తెల్లవారుజామున రాజమండ్రి పుష్కరరేవులో, బెజవాడ రేవుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఎండిన అరటి దొప్పలు మెట్ల పక్కన కుప్పలుగా అమ్ముతారు. తెల్లారాక మునిసిపాలిటీ పనివాళ్ళు దొప్పలు, పూలు, వత్తులు గడకర్రలతో లాగి ఒడ్డున పోస్తారు. అరటి దొప్పతో నీటికి పెద్ద బాధ లేదు, అది కుళ్ళి కలిసిపోతుంది. ఈ మధ్య వచ్చిన థర్మాకోలు పడవలతోనే తంటా. జపానులోనూ ఈ ఇబ్బందే. చాలా ఊళ్ళలో లాంతర్లు సముద్రంలోకి పోకుండా దిగువన అడ్డుకట్టి, పడవల మీద వెళ్ళి ఏరుకొస్తున్నారు.

బొమ్మనహళ్ళికి చెరువులు లేక కాదు. మడివాళ చెరువు ఉంది, బేగూరు చెరువు ఉంది. కానీ కంచెలు, గేట్లు, తెరిచే వేళలు ఉంటాయి. తెల్లవారుజాము నాలుగున్నరకు చీకట్లో ఒంటరిగా అక్కడికి వెళ్ళడం ఆడవాళ్ళకు కుదిరే పని కాదు. పోలికి కుదరనట్టే. అందుకే టబ్బు.

గోగుపుల్లలు ఇక్కడ దొరకవు. దీపావళి సాయంత్రం పిల్లల చేత దివిటీలు కొట్టించాలనుకునే ఇంట్లో చీపురుపుల్లలకో వెదురు పుల్లలకో గుడ్డ వత్తి చుట్టి పని కానిస్తారు. కొందరు పండక్కి ఊరు వెళ్ళొచ్చినప్పుడు పది పుల్లలు బస్సులో తెచ్చుకుని అటక మీద దాచుకుంటారు. పార్కింగు పక్కన సిమెంటు నేల మీద పిల్లలు వాటిని కొడుతుంటే, ఏ ఊరివాళ్ళో, ఏ భాషవాళ్ళో అయిన పక్కింటి పిల్లలు కూడా వచ్చి నిలబడతారు. వాళ్ళకూ ఒక్కో పుల్ల అందుతుంది. పాట రాకపోయినా నేలకేసి కొట్టడం తెలిసిపోతుంది. అయిపోయాక పంపు దగ్గర వరసలో నిలబడి అందరూ కాళ్ళు కడుక్కుంటారు.

నెల తిరిగి పాడ్యమి వస్తుంది. టబ్బులో దొప్ప అవతలి అంచుకు తగిలి ఆగుతుంది. ముప్పై వత్తులు ఒకటొకటిగా కొడిగడతాయి. చివరి వత్తి ఆరేదాకా ఎవరూ లేవరు. తర్వాత ఆ నీళ్ళను చెంబుతో ముంచి తులసి మొదట్లో పోస్తారు. అప్పటికి హోసూరు రోడ్డు మీద బస్సులు మొదలవుతాయి.